పెద్దాయమ్మ దాచిన సిలిండరు

మా పిల్లల వార్డులో పెద్దాయమ్మ అంటే అందరికీ హడలే, పసివాళ్ళకి తప్ప. డాక్టర్లం మేమే గుమ్మం దగ్గర బురద దులుపుకుంటే గానీ లోపలికి అడుగుపెట్టేవాళ్ళం కాదు. "ఏం నాయనా, ఇన్నేళ్ళు వైద్యం చదివావు, గుమ్మంలో గోనెపట్టా ఎందుకు వేస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదా?" అని నలుగురిలో కడిగేసేది. నన్ను మొదటిరోజే కడిగింది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. హౌస్ సర్జన్ని. హౌస్ సర్జన్ అంటే చదువు అయినట్టూ కాదు, అవనట్టూ కాదు. పరీక్షలు గట్టెక్కాం, ఇంకో ఏడాది ఆసుపత్రిలో చాకిరీ చేస్తే పట్టా చేతికిస్తారు. మెడలో కొత్త స్టెతస్కోపు, కళ్ళు నెత్తికెక్కి ఉన్న వయసు.

ఆవిడ ఉద్యోగం నా వల్ల పోయింది. డొంకతిరుగుడు లేకుండా ముందే చెప్పేస్తున్నా. ఈ సంగతి తెలిసిన ఒకరిద్దరు "నీ తప్పేముందిరా, సిస్టం అలాంటిది" అంటారు. సిస్టం! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. సిస్టం వచ్చి స్టేజీ ఎక్కలేదు, నేనెక్కాను.

నిజానికి ఆవిడ ఆ ఆసుపత్రికి ఉద్యోగం కోసం రాలేదు. తల్లికి జబ్బు చేస్తే తోడుగా వచ్చింది. ఇరవై రెండు రోజులు తల్లి మంచం కింద పడుకుంది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కదా, పక్క మంచాలవాళ్ళకి నీళ్ళు పట్టి, దుప్పట్లు మార్చి, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని తిప్పింది. తల్లిని ఇంటికి పంపే రోజున హెడ్ నర్సు "నువ్వెళ్ళిపోతే మాకు కాళ్ళూ చేతులూ ఆడవే, ఉండిపోరాదూ" అందట. ఆయాగా ఉండిపోయింది. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి పిలిచి కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, పిలవకపోతే ఇక రానక్కర్లేదని అర్థం. అలా పంతొమ్మిది సంతకాలు పెట్టింది.

భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు వెల్డింగు షాపులో పని. కోడలు బట్టలు కుడుతుంది. రెండు గదుల ఇంట్లో ముందుగది అంతా కోడలి మిషనూ, గుడ్డముక్కలూ. "నా ఇంట్లో నాకే కాలు మోపే చోటు లేదు, వార్డే నయం" అని ఆ కోడల్ని రోజూ ఆడిపోసుకునేది. మళ్ళీ ఆ గుడ్డముక్కలతో ఆ కోడలు కుట్టిన బుల్లి టోపీలు తెచ్చి "మా పిల్ల కుట్టింది, చూడండి పనితనం" అని వార్డంతా తిరిగి పసివాళ్ళకి తొడిగేదీ ఆవిడే.

మా వార్డు గోడలకి ఆక్సిజన్ పైపులు బిగించారు, వాటికి రంగు కూడా వేశారు. అందులోంచి గాలి మాత్రం ఏనాడూ రాలేదు. సిలిండర్లే దిక్కు. వారానికి రెండుసార్లు లారీ వచ్చి ఖాళీవి పట్టుకెళ్ళి నిండువి దింపేది. ఏది ఖాళీయో ఏది నిండుదో సుద్దముక్కతో సిలిండరు మీద రాయడం ఆయాల పని. డ్యూటీ ఎక్కగానే మీటరులో ముల్లు ఎక్కడుందో చూసి రిజిస్టరులో సంతకం పెట్టడం హౌస్ సర్జన్ పని.

ఒక మధ్యాహ్నం నేను ముల్లు చూడకుండా సంతకం పెట్టాను. ఎందుకు చూడలేదంటారా? జోకులు రాసుకుంటున్నాను. కాలేజీ వార్షికోత్సవానికి నేనూ, లంబూ కలిసి ఒక నాటిక వేయబోతున్నాం. లంబూ అంటే నా గదిలో ఉండే స్నేహితుడు, తలుపు దాటాలంటే మెడ వంచాల్సినంత పొడుగు. నాటిక పేరు 'ఓపికుంటే ఓపీ'. మంచానికి ఇద్దరు రోగులు, తలవైపు రోగి ఒకడు, కాళ్ళవైపు రోగి ఒకడు, రౌండ్సుకొచ్చిన డాక్టరు ఒకడి జబ్బుకి ఇంకొకడికి మందు రాసిపోతాడు. క్యూలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే చచ్చిపోతే "మీరు అవతలి క్యూలోకి రండి" అని మార్చురీ వరుసలోకి పంపిస్తారు. ఇలాంటివన్నమాట. రోజూ కళ్ళతో చూస్తున్నదే, ఏడవలేక నవ్వుకోవడమే. అంతవరకూ తప్పని ఇప్పటికీ అనను.

నేను అలా కేసు షీటు వెనకాల గీసుకుంటూ ఉంటే, కిటికీ పక్క మంచం మీద ఏడు నెలల బిడ్డకి ఆక్సిజన్ ఆగిపోయింది. న్యుమోనియా. అప్పటికే డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఆక్సిజన్ వెళ్ళే నీళ్ళ సీసాలో బుడగల చప్పుడు ఆగిందన్న సంగతి పదడుగుల దూరంలో ఉన్న నాకు తెలీలేదు, వరండాలో దుప్పట్లు మడతపెడుతున్న పెద్దాయమ్మకి తెలిసింది. పరిగెత్తుకుంటూ వచ్చింది. బిడ్డ పెదాలు నీలంగా అయిపోతున్నాయి. తల్లి నా కోటు పట్టుకుని గుంజుతోంది. నేనేం చేశానో తెలుసా? "నిండు సిలిండరు ఏదీ, నిండు సిలిండరు ఏదీ" అని వార్డు మధ్యలో నిలబడి అరిచాను. అంతే.

దుప్పట్ల బీరువా వెనకనుంచి ఆవిడ ఒక సిలిండరు దొర్లించుకొచ్చింది. దాని మీద పెద్ద అక్షరాలతో 'ఖాళీ' అని ఉంది.

"అది ఖాళీ!" అని కేకేశాను.

"రాసింది చదవకు, ముల్లు చూడు!" అంటూ జేబులోంచి పానా తీసి మీటరు బిగించింది. ముల్లు చివరిదాకా లేచింది. బుడగలు మొదలయ్యాయి. రెండు మూడు నిమిషాల్లో బిడ్డ పెదాలకి రంగు తిరిగింది. నాకు మాత్రం చాలాసేపు పట్టింది.

తరువాత బీరువా పక్కన కూలబడి ఉంటే మంచినీళ్ళు తెచ్చిచ్చి తనే చెప్పింది. "నిండు అని రాస్తే పొద్దుటికి ఉండదు నాయనా. ఎవరో పెద్దమనిషి వస్తాడు, ఆయన గదిలో ఊరికే అలంకారానికి నిలబెట్టడానికి పట్టుకుపోతారు. ఒకసారి అలాగే పట్టుకుపోయారు. ఆ రోజు ఇదే కిటికీ పక్కన ఒక పసిదాన్ని నా చేతుల్లోంచే పోగొట్టుకున్నాం. పదకొండేళ్ళయింది. అప్పట్నుంచీ ఒకటి పక్కన పెడతాను, అది వాడేస్తే లారీ రాగానే ఇంకోటి. ఖాళీదాని కోసం ఎవడూ పోటీకి రాడుగా." లారీ వచ్చే రోజున దాన్ని పొరపాటున ఎక్కించుకుపోతారని, మోకాళ్ళ నొప్పి వంకపెట్టి దాని మీద స్టూలులా కూర్చుంటుందట. చెప్తూ తనే నవ్వింది.

"ఇది నీకూ నాకూ మధ్యనే ఉండాలి" అంది. నేను తల ఊపాను. కేసు షీటులో ఆక్సిజన్ ఎడతెగకుండా అందిందని రాశాను. నా సంతకం సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆవిడ బిడ్డని బతికించింది, నన్నూ బతికించింది.

మరి నేనేం చేశాను? తిన్నింటి వాసాలు లెక్కపెట్టాను.

నాటిక రిహార్సల్సులో చివరి భాగం పేలడం లేదు. "ఏదో ఒకటి కావాలిరా, జనం కుర్చీల్లోంచి కింద పడిపోవాలి" అని లంబూ తల పట్టుకున్నాడు. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. సిలిండరు సంగతి చెప్పాను. బిడ్డ సంగతి చెప్పలేదు, అది చెబితే నా సంతకం సంగతి చెప్పాలి కదా. సగం మాత్రమే చెప్పాను. నిండుదాని మీద ఖాళీ అని రాసి దాని మీద కూర్చునే ఆయమ్మ. లంబూ గది అదిరిపోయేలా నవ్వాడు. ఆ నవ్వు విన్నాక నేనిక ఆగలేదు.

ఆయమ్మ వేషం నాదే. యూనిఫాం కోసం ఎవరిని అడిగానో చెప్పనా? ఆవిడనే. సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దుంటుందంటారు, నాకు లేకపోయింది. "పెద్దాయమ్మా, నాటికలో నీ వేషం కడుతున్నా, నీ కోటు ఇవ్వవా" అంటే మురిసిపోయింది. ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీ కోడలి చేత కుట్టించి తెచ్చింది. "నడుము మీద చెయ్యి పెట్టకు, నేనలా నడవను" అని నడక కూడా నేర్పింది. వార్డంతా చెప్పుకుంది, "మా బాబు నా వేషం వేస్తున్నాడు" అని.

వార్షికోత్సవం రోజు హాలు కిటకిటలాడిపోయింది. ముందు వరసలో మా సూపరింటెండెంటు, ఆయన పక్కన ఆరోగ్యశాఖ నుంచి వచ్చిన అతిథి. మూడో వరసలో పెద్దాయమ్మ, ఆవిడ కోడలు. ఇద్దరూ దాచుకున్న బట్టలు కట్టుకొచ్చారు. చోటు నేనే చూపించాను.

మంచానికి ఇద్దరు రోగుల దగ్గర హాలు పగలబడింది. నేను ఆకుపచ్చ కోటుతో రాగానే "పెద్దాయమ్మా!" అని వెనకనుంచి ఈలలు. అందరూ తిరిగి ఆవిడ వైపు చూశారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది. సిలిండరు మీద సింహాసనం ఎక్కినట్టు ఎక్కి కూర్చున్నాను. రోగి వేషంలో లంబూ గాలి గాలి అని గిలగిలా కొట్టుకుంటున్నాడు. "ఖాళీ నాయనా, ఖాళీ! డాక్టరు కుర్చీ ఖాళీ, మందుల బీరువా ఖాళీ, నిండుగా ఉన్నది వరండా ఒక్కటే!" అన్నాను. చప్పట్లు. లంబూ ప్రాణం వదిలాడు. అప్పుడు నేను దిగి, సిలిండరు మూత తిప్పి, బుస్సున గాలి వదిలి, ముద్దు పెట్టుకుని అన్నాను. "చూశారా, ఎంత భద్రంగా దాచానో! ఒక్క బుడగ కూడా ఖర్చు కానివ్వలేదు!"

హాలు ఊగిపోయింది. సూపరింటెండెంటు కళ్ళు తుడుచుకుంటున్నాడు నవ్వలేక. అతిథి ఆయన చెవిలో ఏదో అడుగుతున్నాడు. మూడో వరసలో పెద్దాయమ్మ చెయ్యి నోటి మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం నవ్వడం లేదు. కోడలు ఆవిడ మొహంలోకి వంగి చూస్తోంది. స్టేజీ మీదనుంచి నాకు స్పష్టంగా కనిపించింది. కనిపించాక కూడా, చప్పట్లు ఆగడం లేదని అదే మాట ఇంకోసారి అన్నాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని ఊరికే అన్నారా?

అతిథి చెవిలో అడిగిన మాట "ఇది నిజంగా జరుగుతుందా?" అనట. మర్నాడు పొద్దున్నే అన్ని వార్డుల్లో సిలిండర్లు తనిఖీ చేశారు. దుప్పట్ల బీరువా వెనకది దొరికింది. ప్రభుత్వ సొత్తు దాచిందని పెద్దాయమ్మ మీద కాగితం తయారైంది. మూడో రోజు పొద్దున సూపరింటెండెంటు గదిలో విచారణ. నన్నూ, లంబూనీ కూడా పిలిచారు.

గదిలో సూపరింటెండెంటు, ప్రసూతి వార్డు పెద్ద డాక్టరమ్మ, మా హెడ్ నర్సు కుర్చీల్లో ఉన్నారు. పెద్దాయమ్మ బల్ల ముందు నిలబడింది. మేమిద్దరం గోడ పక్కన.

"పోయిన వారం మా దగ్గర ఒక బాలింతకి ఊపిరందడం లేదని మనిషిని పంపాను. ఖాళీ అన్నావు కదూ?" డాక్టరమ్మ అడిగింది.

"అన్నానమ్మా."

"అబద్ధం కదా అది? మేం పక్క భవనంలోంచి మోసుకు రావాల్సొచ్చింది. ఈలోపు ఆవిడ పోయుంటే?"

"అబద్ధమేనమ్మా. తప్పే. నా వార్డులో పసివాళ్ళే కనిపించారు నాకు." ఆవిడ గొంతు తగ్గలేదు.

సూపరింటెండెంటు మరీ రాక్షసుడేం కాదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి అన్నాడు. "చూడమ్మా, పంతొమ్మిదేళ్ళుగా ఉన్నావు. నాకూ నిన్ను పంపాలని లేదు. ఇది డాక్టర్లకి తెలిసి అత్యవసరానికి పెట్టుకున్నదని ఒక్క డాక్టరు, ఒక్కడంటే ఒక్కడు, ఎప్పుడైనా దీన్ని వాడానని చెప్పనీ. నిల్వ అని రాసేసి ఈ కాగితం చింపేస్తాను. ఎవరైనా ఉన్నారా?"

నేను నోరు తెరిస్తే చాలు. ముల్లు చూడకుండా పెట్టిన సంతకం, షీటులో రాసిన అబద్ధం, చేతికి రావాల్సిన పట్టా, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. బిడ్డ ఒక్కతే తిరగలేదు.

పెద్దాయమ్మే మాట్లాడింది. "ఎవరూ లేరు సారూ. ఈ బాబులకి ఏం తెలుసు, చిన్నపిల్లలు. ఏదో సరదాకి ఊహించి వేసుకున్నారు. వీళ్ళనేం అనకండి."

సూపరింటెండెంటు నా వైపు తిరిగాడు. "అంతేనా?"

"అంతే సార్. ఊహించి రాశాం" అన్నాను. ఆ తరవాత ఆయన ఇంకా ఏవో అడిగాడు, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

ఆ సాయంత్రమే ఆవిడని రావద్దన్నారు. ఆ సిలిండరు స్టాకు రిజిస్టరులో 'నిండు' అని ఎక్కింది. రెండు రోజులకి ఎవరో పట్టుకుపోయారు, ఎవరన్నది కూడా నాకు తెలీదు. బయటికొచ్చాక లంబూ నా భుజం తట్టి "ముసలావిడ మంచిదిరా, బతికిపోయావు" అన్నాడు. వాడి చెయ్యి విదిలించాను. వాడికి సగమే తెలుసు, మిగతా సగం తెలిసినవాణ్ణి నేనే.

నెలరోజులు ఆవిడ ఇంటివైపు వెళ్ళలేకపోయాను. వార్డులో పిల్లల తల్లులు "ఆయమ్మ ఏది బాబూ" అని అడిగితే తేలు కుట్టిన దొంగలా పక్కకి తప్పుకునేవాణ్ణి. చివరికి ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. కోడలు మిషను మీదనుంచి తలెత్తి నన్ను చూసి, ఏమీ అనకుండా మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. ఆ మిషను చప్పుడు కంటే తిట్టినా బాగుండేది. పెద్దాయమ్మ లోపలి గదిలో గుండీలు కుడుతోంది, కోడలి పనిలో సాయం. నన్ను చూసి గుడ్డలు పక్కకి జరిపి చోటు చేసింది.

"క్షమించు పెద్దాయమ్మా" అన్నాను. ఎన్నాళ్ళుగానో కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి, అదొక్కటే మిగిలింది. "రేపే వెళ్ళి పెద్దసారుకి అంతా చెప్పేస్తాను."

"ఎవరికి మేలు చేద్దామని? నా చోట్లో ఒక పిల్ల చేరిపోయిందట. చంటిబిడ్డ తల్లి. నువ్వు చెబితే దాన్ని తీసేసి నన్ను పెడతారు. ఒకరి నోట్లో మట్టి కొట్టి ఇంకొకరికి ముద్ద పెడతావా?" దారం పంటితో తెంపింది. "నీ బరువు దించుకోడానికైతే దానికి నేనేం చెయ్యను."

ఎలాగైనా ఆవిడ మంచితనం పట్టుకుని వేలాడదామని "ఆ రోజు నన్ను కాపాడావు. నాకేమీ తెలీదని నువ్వే అన్నావు" అన్నాను.

ఆవిడ సూది ఆపింది. కోపం లేదు. కోపమైనా ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

"నేను అంటానయ్యా. పెద్దదాన్ని, అనాలి. పిల్లలేం చేశారని అడ్డం పడకుండా ఎలా ఉంటాను? ఇంటికొచ్చినవాళ్ళు వద్దు వద్దంటే వడ్డించడం మానేస్తామా? నేను అలా అంటే నువ్వు కాదు సార్ అంటావనుకున్నా. మాట అనేసి నీ మొహం వంకే చూస్తూ నిలబడ్డా. పెద్దసారు కళ్ళజోడు పెట్టుకుని, కలం తీసి, సంతకం పెట్టేదాకా చూశా."

నేను ఇప్పుడు పిల్లల డాక్టర్ని. ఇరవై ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో పెద్దసారుకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ గదిలో పెద్దాయమ్మ నా వంక చూస్తోందని ఆవిడ చెప్పేదాకా నాకు తెలీనే తెలీదు. తల ఎత్తితే కదా తెలిసేది.